బీఎంపీ-2తో కణాలను ఎముక దారి పట్టించడం: వయల్ తెరవడం నుంచి ఎర్ర రంగు దాకా

ఎముక పెరుగుదల ప్రోటీన్ ఖరీదు పెట్టి తెప్పించి, కణాల మీద పోసి, వారం తర్వాత రంగు రాలేదని తల పట్టుకునేవాళ్ళు ఈ పని చేసే ల్యాబుల్లో మామూలే. చాలాసార్లు తప్పు కణాలది కాదు. ప్రోటీన్ కణాల దాకా చేరకముందే ట్యూబు గోడకు అంటుకుపోయి ఉంటుంది. లేదంటే ఆరో రోజు చూడాల్సిన దాన్ని మొదటి రోజే చూసి ఉంటారు. అదీ కాకపోతే, ఎంచుకున్న కణరేఖ (ల్యాబులో తరతరాలుగా పెంచే ఒకే రకం కణాలు) ఖనిజం పేర్చే రకమే అయి ఉండదు. కింద చెప్పేదంతా బీఎంపీ-2 అనే ఒక్క ఎముక పెరుగుదల ప్రోటీన్ గురించి, దానికి బాగా స్పందించే రెండు ఎలుక కణరేఖల గురించి. కణాలను పెంచడం, లెక్కపెట్టడం, ప్లేటు వేయడం వచ్చిన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులను ఉద్దేశించి రాసింది.

లోపల ఏం జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుంది

1965లో మార్షల్ యూరిస్ట్ అనే అమెరికన్ ఎముకల వైద్యుడు, ఎముకలోని కాల్షియాన్ని ఆమ్లంతో తీసేసి, మిగిలిన మెత్తటి భాగాన్ని జంతువుల కండరంలో పెట్టాడు. కండరం మధ్యలో కొత్త ఎముక పుట్టింది. ఆ భాగంలో ఏదో ప్రోటీన్ ఉండి చుట్టూ ఉన్న కణాలకు ఎముక కట్టమని చెబుతోందని తేలింది. 1981లో టి.కె. సంపత్, ఎ.హెచ్. రెడ్డి ఇంకో మెట్టు ఎక్కారు. గాఢమైన గ్వానిడీన్ ద్రావణంతో ఆ ప్రోటీన్లను బయటికి లాగితే మిగిలిన కొల్లాజెన్ పిప్పి ఒక్కటే ఎముకను పుట్టించలేకపోయింది. ప్రోటీన్లను తిరిగి దానికే పట్టిస్తే మళ్ళీ పుట్టించింది. 1988లో జాన్ వోజ్నీ బృందం ఈ ప్రోటీన్ల జన్యువులను వేరుచేశాక, బీఎంపీలను కణాలలో ఉత్పత్తి చేసి సీసాల్లో అమ్మడం మొదలైంది.

ఇది చరిత్ర కోసం చెప్పడం లేదు. బీఎంపీ ఏదో ఒక ఉపరితలాన్ని పట్టుకుని ఉండే స్వభావం గల ప్రోటీన్. శరీరంలో ఆ గుణం మేలు చేస్తుంది, పిపెట్టు మొనలో అదే గుణం కొంప ముంచుతుంది.

బీఎంపీ-2 రెండు ఒకేలాంటి గొలుసులు సల్ఫర్ బంధంతో జతకట్టిన అణువు, మొత్తం బరువు సుమారు 26 కిలోడాల్టన్లు. ఈ జత విడిపోతే పని పోతుంది. కాబట్టి ఆ బంధాన్ని తెంచే డీటీటీ, మెర్కాప్టోఇథనాల్ వంటివి ఏ రూపంలోనూ దీని దగ్గరికి రానివ్వకండి. కణం పొర మీద దీనికి రెండు రకాల రిసెప్టార్లు (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు) ఉంటాయి. బీఎంపీ వచ్చి రెండు రకాలనూ ఒక చోటికి చేర్చగానే రెండో రకం మొదటి రకానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. మొదటి రకం వెళ్ళి స్మాడ్1, స్మాడ్5, స్మాడ్8 అనే ప్రోటీన్ల తోకకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అవి స్మాడ్4ను వెంటబెట్టుకుని కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను తెరుస్తాయి.

మీ ప్రయోగం నిలబడేది కాలక్రమం మీదే. స్మాడ్ మీద ఫాస్ఫేట్ అరగంట, గంటలో శిఖరానికి చేరుతుంది. ఐడీ1 అనే జన్యువు మొదటి కొన్ని గంటల్లోనే లేస్తుంది. రన్ఎక్స్2, ఆస్టెరిక్స్ అనే రెండు ప్రధాన నియంత్రకాలు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య చూడాలి. ఎముక దారికి తొలి గుర్తుగా చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైము మూడో రోజుకు కొలవగలిగినంత అవుతుంది, ఆరేడు రోజులకు బాగా కనిపిస్తుంది. ఎముక కణాలు ముదిరాక చేసే ఆస్టియోకాల్సిన్ ప్రోటీన్ దాని తర్వాతి మాట. ఖనిజం కావాలంటే రెండు నుంచి నాలుగు వారాలు. పద్నాలుగో రోజున ఐడీ1 కొలిచి 'బీఎంపీ పనిచేయలేదు' అని రాయడం ఎంత తప్పో, మూడో రోజున కాల్షియం రంగు వేసి అదే రాయడం అంతే తప్పు.

ఏ కణం తీసుకోవాలి

మీ ప్రశ్న 'ఈ ప్రోటీన్ సంకేతం ఇస్తోందా, దాని మోతాదు ఎంత, దీన్ని ఏది అడ్డుకుంటుంది' అయితే సీ2సీ12 తీసుకోండి. ఇది ఎలుక తొడ కండరం నుంచి వచ్చిన కణరేఖ. మామూలుగా సీరం తగ్గిస్తే కణాలు ఒకదానితో ఒకటి కలిసి పొడవాటి కండర నాళికలు అవుతాయి. బీఎంపీ-2 ఉంటే కలవకుండా ఎముక కణాల లక్షణాలు చూపిస్తాయి. 1994లో జపాన్ పరిశోధకులు 300 నానోగ్రాములు ప్రతి మిల్లీలీటరుకు వాడి దీన్ని చూపించారు. నేటికీ చాలామంది మొదలుపెట్టేది ఆ అంకెతోనే. సీ2సీ12లో ఉన్న పెద్ద సుఖం, బీఎంపీ లేనప్పుడు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాదాపు సున్నా. వచ్చిన సంకేతం బీఎంపీదే అని నమ్మొచ్చు.

అయితే ఇవి నమ్మకంగా ఖనిజం పేర్చవు. ఖనిజం కావాలంటే ఎలుక పిల్లల పుర్రె ఎముక నుంచి వచ్చిన ఎంసీ3టీ3-ఈ1 వాడాలి. దీనిలోనూ సబ్‌క్లోన్ (ఒక్క కణం నుంచి పెంచిన ఉపశాఖ) నంబరు చూడాలి. 4, 14 ఖనిజం పేరుస్తాయి, 24, 30 పేర్చవు. పక్క ల్యాబు స్నేహితుడు నంబరు లేకుండా ఇచ్చిన వయల్ మీద మూడు వారాలు పెట్టకండి. మన దేశంలో కణరేఖలు తెప్పించుకోవడానికి పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) భాండాగారం ఉంది. ఆర్డరు పెట్టేటప్పుడే పాసేజ్ నంబరు (కణాలను ఎన్నిసార్లు విడగొట్టి పెంచారో చెప్పే అంకె), సబ్‌క్లోన్ వివరం అడగండి.

మనిషి ఎముక మజ్జ మూలకణాలతో నేరుగా మొదలుపెట్టడం మంచిది కాదు. దాతను బట్టి స్పందన మారుతుంది. బీఎంపీ-2కు ఎలుక కణాలంత గట్టిగా స్పందించవు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే తప్ప కదలనివే ఎక్కువ. ముందు సీ2సీ12లో మీ వయల్ పనిచేస్తోందని తేల్చుకుని, తర్వాత వాటి జోలికి వెళ్ళండి.

ఒక హెచ్చరిక కూడా. సీ2సీ12 ఎముక లక్షణాలు చూపించింది కదా అని, శరీరంలో కండర కణమే ఎముక అవుతుందని రాసేయకండి. కండరాలు ఎముకగా మారిపోయే ఎఫ్‌ఓపీ అనే అరుదైన జబ్బు ఉంది. దానికి కారణం బీఎంపీ రిసెప్టార్లలో ఒకటైన ఏసీవీఆర్1లో మార్పు అని 2006లో తేలింది. కానీ అక్కడ ఎముక కట్టేది ప్రధానంగా కండరం మధ్య ఉండే వేరే మూలకణాలు. సీ2సీ12 సంకేతానికి నమూనా, శరీర నిర్మాణానికి కాదు.

ప్రోటీన్ కరిగించడం: సగం ప్రయోగాలు ఇక్కడే పోతాయి

బీఎంపీ-2 తటస్థ పీహెచ్ దగ్గర సరిగా కరగదు, ముఖ్యంగా ఇ.కోలై బ్యాక్టీరియాలో తయారైన రకం. పీబీఎస్ అనే ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంలో కరిగిస్తే కంటికి కనిపించని గుంపులుగా కట్టి అడుగుకు చేరుతుంది. అందుకే 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) కలిపి కరిగించాలి. తయారీ తేలిక: స్టెరైల్ నీరు 9.96 మి.లీ. తీసుకుని 1 నార్మల్ హెచ్‌సీఎల్ 40 మైక్రోలీటర్లు కలపండి, అందులో 10 మి.గ్రా. బీఎస్ఏ వేయండి, 0.2 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టండి. వడకట్టేది ఈ ద్రావణాన్ని మాత్రమే. బీఎంపీ కలిపిన తర్వాత ఫిల్టరు పెడితే ప్రోటీన్ అంతా పొరకే అంటుకుంటుంది.

వయల్ తెరిచే ముందు సెంట్రిఫ్యూజులో ఒక నిమిషం తిప్పండి. 10 మైక్రోగ్రాముల పొడి కంటికి కనిపించదు, మూతకు అంటుకుని ఉన్నా తెలియదు. 100 మైక్రోలీటర్ల ఆమ్ల ద్రావణం పోసి, గోడలు తడిసేలా నెమ్మదిగా తిప్పి, పది పదిహేను నిమిషాలు అలా ఉంచండి. వోర్టెక్స్ పెట్టకండి, నురగ వస్తే ప్రోటీన్ పాడవుతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న స్టాక్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు. ప్రోటీన్ తక్కువగా అంటుకునే రకం ట్యూబుల్లో 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి, మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబును తిరిగి గడ్డకట్టించొద్దు. మిగిలిన రెండు మైక్రోలీటర్ల మీద మమకారం పెట్టుకుంటే తర్వాతి ప్రయోగం మొత్తం అనుమానంలో పడుతుంది.

మోతాదు లెక్క: 300 నానోగ్రాములకు, ఒక మి.లీ. మీడియంలో 3 మైక్రోలీటర్ల స్టాక్. 30 నానోగ్రాములు కావాలంటే 0.3 మైక్రోలీటర్లు కొలవడానికి ప్రయత్నించకండి. స్టాక్‌ను అదే ఆమ్ల ద్రావణంలో పదింతలు పలచన చేసి, దాంట్లోంచి 3 మైక్రోలీటర్లు తీయండి. ఇంత కొద్ది ఆమ్లంతో మీడియం పీహెచ్ మారదు. అయినా కంట్రోల్ వెల్స్‌లో కూడా అంతే పరిమాణంలో ఖాళీ ఆమ్ల ద్రావణం పడాలి. కంట్రోల్‌లో ఏమీ వేయకపోవడం తరచూ కనిపించే లోపం, సమీక్షకులు పట్టుకునేదీ అదే.

ఖర్చు ముందే అంచనా వేసుకోండి. 24 వెల్ ప్లేటులో వెల్‌కు అర మి.లీ. మీడియం అంటే 300 నానోగ్రాముల మోతాదులో 150 నానోగ్రాముల ప్రోటీన్. మూడో రోజు మీడియం మారిస్తే మొత్తం 300. అంటే 10 మైక్రోగ్రాముల వయల్‌తో ముప్పై వెల్స్ పైచిలుకు. మొదటిసారి మోతాదు గీత గీయడానికి 0, 10, 30, 100, 300, 1000 నానోగ్రాములు, ఒక్కోదానికి మూడు వెల్స్ సరిపోతాయి. రెండుసార్లు పోసినా 5 మైక్రోగ్రాములు దాటదు.

వయల్ మీద ఏ కణాల్లో తయారు చేశారో చూడండి. చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో తయారైనది సాధారణంగా తక్కువ మోతాదుకే పనిచేస్తుంది. ఇ.కోలైలో తయారైనది చవక, కానీ అదే ఫలితానికి ఎక్కువ పోయాల్సి రావచ్చు. ఒక పత్రంలో చదివిన 50 నానోగ్రాములను ఇంకో రకం ప్రోటీన్‌కు అంటగట్టకండి. కంపెనీ ఇచ్చే ధ్రువపత్రంలో సగం ప్రభావం చూపే మోతాదు ఉంటుంది, దాన్నే మొదటి ఆధారంగా తీసుకోండి.

వైద్యంలో వాడే మోతాదు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వెన్నెముక శస్త్రచికిత్స కోసం 2002లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన బీఎంపీ-2 ద్రావణం మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే ప్లేటులో పోసే 300 నానోగ్రాములకు ఐదు వేల రెట్లు. బీఎంపీని నింపి పెట్టే కొల్లాజెన్ స్పాంజిలోంచి అది త్వరగా జారిపోతుంది కాబట్టి అంత పోయాల్సి వచ్చింది. మెడ భాగంలో వాడినప్పుడు గొంతు దగ్గర ప్రమాదకరంగా వాపు వస్తోందని 2008లో అదే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ప్లేటులో వచ్చిన మోతాదును శరీరానికి అన్వయించే వాక్యం రాసే ముందు ఈ అంకెలు గుర్తుంచుకోండి.

సీ2సీ12 ప్లేటు వేయడం

కణాలను లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉన్న డీఎంఈఎం మీడియంలో 10 శాతం సీరంతో పెంచండి. ఫ్లాస్కు 60, 70 శాతం నిండగానే విడగొట్టాలి. శుక్రవారం నిండిపోయిన ఫ్లాస్కును సోమవారం దాకా వదిలేస్తే కలిసిపోయే గుణమున్న కణాలన్నీ నాళికలైపోతాయి. మిగిలేవి మీకు కావలసినవి కావు. పాసేజ్ 15 దాటకుండా చూసుకోవడం మంచిది.

24 వెల్ ప్లేటులో వెల్‌కు 40,000 కణాలు వేయండి. చదరపు సెంటీమీటరుకు ఇరవై వేల పైచిలుకు. ప్లేటును వెంటనే ఇంక్యుబేటర్లో పెట్టకుండా గది ఉష్ణోగ్రతలో పది, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచితే కణాలు అంచులకు చేరకుండా సమంగా పరుచుకుంటాయి. మర్నాడు పాత మీడియం తీసి, 5 శాతం సీరం ఉన్న డీఎంఈఎంలో బీఎంపీ-2 కలిపి పోయండి. మూడో రోజు కొత్త బీఎంపీతో మీడియం మార్చండి.

సీరం 10 శాతం అలాగే ఉంచితే కణాలు పెరుగుతూనే ఉంటాయి, మార్పు నెమ్మదిస్తుంది. మరీ 1 శాతానికి దించితే కణాలు రాలిపోవచ్చు. సీరంలోనే బీఎంపీలు, వాటిని అడ్డుకునేవి రెండూ కొంత ఉంటాయి కనుక ఒక ప్రయోగ వరుస మొత్తానికి ఒకే లాట్ సీరం వాడండి.

నాలుగో రోజుకల్లా మైక్రోస్కోపులో తేడా తెలియాలి. కంట్రోల్ వెల్‌లో పొడవాటి, అనేక కేంద్రకాలున్న నాళికలు ఒకే దిశలో సర్దుకుని ఉంటాయి. బీఎంపీ వెల్‌లో కణాలు విడివిడిగా, పలకల్లా వెడల్పుగా కనిపిస్తాయి. అయితే నాళికలు ఆగినంత మాత్రాన ఎముక మార్గం పట్టినట్టు కాదు. టీజీఎఫ్-బీటా1 అనే మరో పెరుగుదల ప్రోటీన్ పోసినా నాళికలు ఆగుతాయి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం రాదు. దీన్ని ప్లేటులో ఇంకో కంట్రోల్‌గా పెట్టుకుంటే వాదన గట్టిపడుతుంది.

బీఎంపీ వల్లే వచ్చిందని నిరూపించడానికి అడ్డుకునే వెల్స్ తప్పనిసరి. నాగిన్ అనే ప్రోటీన్ బీఎంపీని బయటే పట్టేసుకుంటుంది. ఎల్‌డీఎన్-193189 అనే చిన్న అణువు 100 నానోమోలార్ దగ్గర లోపలి వైపు నుంచి రిసెప్టార్ పనిని ఆపుతుంది. ఎల్‌డీఎన్‌ను బీఎంపీ కన్నా అరగంట ముందు వేయండి. ఇది డీఎంఎస్ఓలో కరుగుతుంది కనుక అన్ని వెల్స్‌లోనూ డీఎంఎస్ఓ సమానంగా ఉండాలి.

తొలి గంట: స్మాడ్ పరీక్ష

కొత్త వయల్ వచ్చినప్పుడు వారం ఆగకుండా ఒక్క రోజులో తేల్చుకునే దారి ఇది. ఆరు వెల్ ప్లేటులో కణాలను నాలుగైదు గంటలు సీరం లేకుండా ఉంచండి, లేకపోతే సీరంలోని బీఎంపీలే మొదటి నుంచీ సంకేతాన్ని పైకి లేపి ఉంచుతాయి. తర్వాత బీఎంపీ పోసి 0, 15, 30, 60 నిమిషాలకు ఐస్ మీద లైసిస్ చేయండి (కణాలను పగలగొట్టండి). సోడియం ఫ్లోరైడ్, వెనడేట్ వంటి ఫాస్ఫటేజ్ నిరోధకాలు బఫర్లో ఉండాలి. ఫాస్ఫో స్మాడ్ 1/5 గీత వెస్టర్న్ బ్లాటులో (ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి చూసే పరీక్ష) 60 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తుంది. మొత్తం స్మాడ్1 గీత పక్కనే చూపండి. 60 నిమిషాలకైనా ఫాస్ఫో గీత లేవకపోతే వయల్ మీద ఆశ వదులుకోవచ్చు. ఈ లైసేట్‌తో మాత్రం ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొలవకండి. అదే వెనడేట్ ఆ ఎంజైమును కూడా ఆపేస్తుంది.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొలత

పీఎన్‌పీపీ అనే రంగు లేని రసాయనాన్ని ఈ ఎంజైము విడగొడితే పసుపు పచ్చని నైట్రోఫినాల్ వస్తుంది, 405 నానోమీటర్ల దగ్గర చదవాలి. పరీక్ష చవక, సులువు. అందుకే అజాగ్రత్తగా చేస్తారు.

వెల్స్‌ను పీబీఎస్‌తో కాకుండా 0.9 శాతం సెలైన్ లేదా ట్రిస్ సెలైన్‌తో రెండుసార్లు కడగండి. ఫాస్ఫేట్ ఈ ఎంజైముకు అడ్డు. కడగడం మానేయడానికీ వీల్లేదు. సీరంలోనూ కొంత ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బోలెడంత ఆల్బుమిన్ ఉంటాయి. మొదటిది లెక్కలో పైనుండే ఎంజైము అంకెను, రెండోది కిందుండే ప్రోటీన్ అంకెను చెడగొడుతుంది.

లైసిస్ బఫర్: 10 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8, 1 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 0.2 శాతం ట్రైటాన్ ఎక్స్-100. వెల్‌కు 150 మైక్రోలీటర్లు. ఈడీటీఏ ఉన్న ఏ బఫరూ వద్దు. ఎంజైముకు జింకు, మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ వాటినే లాగేస్తుంది. ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న, ఈడీటీఏ కలిసిన రిపా బఫర్ పోసి సున్నా తెచ్చుకునేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే.

ఐస్ మీద లైసిస్ చేయాలన్న అలవాటును కూడా ఈ ఒక్క పరీక్షకు పక్కన పెట్టండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కణం పొరకు కొవ్వు లంగరుతో కట్టేసి ఉంటుంది. చల్లటి ట్రైటాన్‌లో ఆ భాగం కరగకుండా మిగిలిపోతుంది. గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకుంటే ఎంజైము కొంత అడుగు ముద్దలోనే ఉండిపోతుంది. గది ఉష్ణోగ్రతలో ఇరవై నిమిషాలు ఊపి, ఒకసారి మైనస్ 80లో గడ్డకట్టించి కరిగించి, వెల్ అడుగు గీరి, పిపెట్టుతో బాగా కలిపి, మొత్తం లైసేట్‌నే వాడటం మేలు.

పీఎన్‌పీపీ ద్రావణం: 1 మోలార్ డైఇథనోలమీన్, పీహెచ్ 9.8, 0.5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్‌లో 5 మిల్లీమోలార్ పీఎన్‌పీపీ. ఆరు నీటి అణువులున్న డైసోడియం లవణమైతే మిల్లీలీటరుకు 1.86 మి.గ్రా. అప్పటికప్పుడు కలపండి. కలిపిన వెంటనే పసుపు కనిపిస్తే పొడి పాతబడింది.

96 వెల్ ప్లేటులో 20 మైక్రోలీటర్ల లైసేట్, 180 మైక్రోలీటర్ల పీఎన్‌పీపీ, 37 డిగ్రీలు. రీడర్‌లో వీలుంటే రెండేసి నిమిషాలకు ఒకసారి చదివిస్తూ గీత సరళరేఖగా ఉన్న భాగం తీసుకోండి. లేకపోతే పదిహేను నిమిషాలకు 50 మైక్రోలీటర్ల 3 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ పోసి ఆపండి. అంకె 1.5 దాటితే లైసేట్ పలచన చేసి మళ్ళీ పెట్టాలి. 'బాగా వచ్చింది' అని ముప్పై నిమిషాలు వదిలేస్తే 100, 300, 1000 నానోగ్రాముల వెల్స్ మూడూ ఒకే పసుపులో కనిపించి, మోతాదు గీత చదునుగా పడుకుంటుంది. తప్పు జీవశాస్త్రంలో లేదు, గడియారంలో ఉంది.

అదే ప్లేటులో నైట్రోఫినాల్ స్టాండర్డ్ 0 నుంచి 20 నానోమోల్స్ పెట్టండి. ప్లేటులో కాంతి దారి ఒక సెంటీమీటరు కాదు కాబట్టి పుస్తకంలోని గుణకంతో లెక్క కట్టొద్దు. ఉదాహరణకు ఒక వెల్ 15 నిమిషాల్లో 12 నానోమోల్స్ ఇచ్చింది. లైసేట్‌లో ప్రోటీన్ బీసీఏ పరీక్షలో మిల్లీలీటరుకు 1 మి.గ్రా. అని తేలింది. 20 మైక్రోలీటర్లంటే 0.02 మి.గ్రా. 12ను 15తో, ఆ వచ్చినదాన్ని 0.02తో భాగిస్తే నిమిషానికి, మిల్లీగ్రాముకు 40 నానోమోల్స్. నాళికలు కట్టిన కంట్రోల్ వెల్‌లో ప్రోటీన్ ఎక్కువ ఉండి తేడాను పెంచి చూపించవచ్చు. అందుకే డీఎన్ఏతో కూడా ఒకసారి సరిచూడటం నిజాయితీ. లైసేట్‌లో ఈ ఎంజైమును ఆపే లెవామిసోల్ 1 మిల్లీమోలార్ వేస్తే పసుపు పడిపోవాలి. పడకపోతే మీరు కొలిచింది ఈ ఎంజైము కాదు.

ఖనిజం: ఎర్రగా ఉన్నదంతా ఎముక కాదు

ఎంసీ3టీ3ని పెంచేటప్పుడే మొదటి జాగ్రత్త. మామూలు ఆల్ఫా ఎంఈఎం మీడియంలో లీటరుకు 50 మి.గ్రా. ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) ముందే ఉంటుంది. అందులో పెంచితే ఫ్లాస్కులోనే కణాలు ముదరడం మొదలుపెడతాయి. ఆస్కార్బిక్ ఆమ్లం లేని ఆల్ఫా ఎంఈఎం అడిగి తెప్పించుకోండి. ప్లేటులో కణాలు పూర్తిగా నిండాక మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం, 100 నానోగ్రాముల బీఎంపీ-2 కలపండి. ఆస్కార్బిక్ ఆమ్లం లేకపోతే కొల్లాజెన్ సరిగా అల్లుకోదు, కొల్లాజెన్ లేకపోతే ఖనిజం పేరడానికి చోటే లేదు. మామూలు రకం 37 డిగ్రీల్లో గంటల్లో పాడవుతుంది కనుక ఆస్కార్బేట్-2-ఫాస్ఫేట్ రకం నయం.

బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్‌ను మొదటి రోజు నుంచే పోసేవాళ్ళు ఎక్కువ. ఏడో రోజు తర్వాత, మాతృక (కణాల చుట్టూ ఉండే కొల్లాజెన్ అల్లిక) కొంత పేరుకున్నాక పోయడం మంచిది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దీన్ని విడగొట్టి ఫాస్ఫేట్ వదులుతుంది. ఎంజైము ఎక్కువై, ఫాస్ఫేట్ ఒక్కసారిగా పెరిగితే కాల్షియం ఫాస్ఫేట్ కొల్లాజెన్‌తో సంబంధం లేకుండా ఎక్కడబడితే అక్కడ, చచ్చిన కణాల మీద కూడా దిగుతుంది. తూకంలోనూ పొరపాటు జరుగుతుంది. నీరు లేని డైసోడియం లవణమైతే 100 మి.లీ.కు 216 మి.గ్రా., ఐదు నీటి అణువులున్నదైతే 306 మి.గ్రా. సీసా మీది అణుభారం చదివి తూచండి.

రెండు మూడు రోజులకోసారి మీడియం మార్చాలి. రెండో వారం దాటాక కణాల పొర పాల మీది మీగడలా మందమై, అంచు కదిలితే మొత్తం చుట్టుకుని లేచి వస్తుంది. అందుకని మీడియం పూర్తిగా పీల్చకండి, పావు వంతు వదిలేసి, గోడ మీదుగా నెమ్మదిగా కొత్తది పోయండి. 21వ రోజు రంగు వేయండి. ఒక వరుసను 14వ రోజుకే ఆపి చూస్తే వేగంలో తేడా కూడా తెలుస్తుంది.

కాల్షియానికి పట్టే ఎర్ర రంగు అలిజరిన్ రెడ్ ఎస్, 40 మిల్లీమోలార్: 100 మి.లీ. నీటికి 1.37 గ్రాములు. పీహెచ్ 4.1 నుంచి 4.3 మధ్య ఉండాలి, పలచని అమ్మోనియం హైడ్రాక్సైడ్‌తో సరిచేయండి. పీహెచ్ కాస్త పైకి పోయినా వెల్ అంతా ఎర్రబడుతుంది, కిందికి పోతే ఖనిజమే కరుగుతుంది. వాడే రోజున మళ్ళీ కొలిచి, వడకట్టి వాడండి. కణాలను 10 శాతం ఫార్మలిన్‌లో పదిహేను నిమిషాలు ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి, వెల్‌కు అర మి.లీ. రంగు పోసి ఇరవై నిమిషాలు నెమ్మదిగా ఊపండి. తర్వాత కడిగిన నీరు తేటగా వచ్చేదాకా, కనీసం నాలుగైదుసార్లు కడగండి. ఫోటో తీశాకే రంగు కరిగించాలి. 10 శాతం సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్‌లో అరగంట నుంచి గంట ఉంచి, 562 నానోమీటర్ల దగ్గర చదవండి.

అలిజరిన్‌కు కాల్షియం కావాలి తప్ప అది ఎముకదా, ఉప్పుదా అన్నది పట్టదు. కాబట్టి మూడు అదనపు వెల్స్ పెట్టండి: కణాలు లేకుండా పూర్తి మీడియం ఒకటి, మొదటి రోజే ఫార్మలిన్‌తో చంపి బాగా కడిగిన కణాలు పూర్తి మీడియంలో ఒకటి, గ్లిసరోఫాస్ఫేట్ లేకుండా బీఎంపీతో బతికున్న కణాలు ఒకటి. మొదటి రెండూ ఎర్రబడితే మీ ఎరుపులో కొంత ఉప్పే. మైక్రోస్కోపులోనూ తేడా ఉంటుంది. నిజమైన ఖనిజం కణాలు గుమిగూడిన ముడుల చుట్టూ గుండ్రంగా పేరుకుంటుంది, ఉప్పు వెల్ అంతటా ఇసుక చల్లినట్టు పడుతుంది. పక్క వెల్‌లో సిరియస్ రెడ్‌తో కొల్లాజెన్ చూపించి, ఆస్టియోకాల్సిన్ జన్యువును 14వ రోజు కొలిచి జతచేస్తే ఎవరూ ప్రశ్నించలేరు.

పని కానప్పుడు ఎక్కడ వెతకాలి

స్మాడ్ గీత వచ్చి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రాకపోతే ప్రోటీన్‌ను నిందించకండి. పాసేజ్ నంబరు, సీరం శాతం, లైసిస్ బఫర్ చూడండి. స్మాడ్ గీతే రాకపోతే స్టాక్ ఎలా కరిగించారో, ఎన్నిసార్లు గడ్డకట్టించారో చూడండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా వచ్చి ఖనిజం రాకపోతే కణరేఖ, సబ్‌క్లోన్, ఆస్కార్బేట్ వయసు అనుమానించాలి. కంట్రోల్ వెల్స్‌లోనే అన్నీ ఎక్కువగా వస్తుంటే ఆల్ఫా ఎంఈఎం సీసా మీది పట్టిక చదవండి, సీరం లాట్ మార్చి చూడండి. 1000 నానోగ్రాముల దగ్గర సంకేతం 300 కన్నా తగ్గితే కంగారు పడనక్కర్లేదు. స్మాడ్6, స్మాడ్7 అనే అడ్డుకట్టలను, నాగిన్‌ను కణాలు తామే తయారుచేసుకోవడం బీఎంపీ ఎక్కువైనప్పుడు మామూలే.

ఒకే ప్లేటులో వెల్‌కు వెల్‌కు పొంతన లేకపోతే అంచు వెల్స్ చూడండి. మూడు వారాల ప్రయోగంలో అంచుల్లో నీరు ఆవిరై లవణాలు చిక్కబడతాయి. అంచు వెల్స్‌లో స్టెరైల్ నీరు పోసి వదిలేయండి, ప్రయోగాన్ని మధ్యలోనే నడపండి. ఏ కారణమూ దొరక్క అంకెలు నెలనెలా దిగిపోతుంటే మైకోప్లాస్మా (కణాల్లో చేరే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. అది మీడియాన్ని మసకబరచదు, కణాలను చంపదు, స్పందనను మాత్రం తినేస్తుంది. పాజిటివ్ వస్తే ఆ కణాలను బాగుచేసే ప్రయత్నం మానేసి, ఫ్లాస్కులన్నీ పారేసి, తక్కువ పాసేజ్ వయల్ కొత్తగా తెరవండి.